నీళ్లు మోసేవాడు... కప్పు తెచ్చాడు!

పొట్టివాడంటూ ఏ పెద్ద అకాడమీ తీసుకోలేదు. ఇరవై ఒక్క ఏళ్లు వచ్చేదాకా పెద్ద మ్యాచ్ ముఖం చూడలేదు. గోల్స్ కొట్టడం తక్కువ, మాట్లాడటం ఇంకా తక్కువ. అయినా ప్రపంచకప్పు, ఛాంపియన్స్ లీగ్, రెండు వేర్వేరు జట్లతో వరసగా రెండు ఇంగ్లిష్ లీగ్ టైటిళ్లు... అన్నీ అతన్ని వెతుక్కుంటూ వచ్చాయి. ఫ్రాన్స్ మిడ్‌ఫీల్డర్ ఎన్‌గోలో కాంటే పరుగుల ప్రయాణమిది.

2018 జులై 15. మాస్కోలోని లుజ్నికి స్టేడియం. ప్రపంచకప్పు ఫైనల్లో క్రొయేషియాను 4-2తో ఓడించిన ఫ్రాన్స్ ఆటగాళ్లు జోరువానలో తడుస్తూ సంబరాలు చేసుకుంటున్నారు. బంగారు కప్పు ఒకరి చేతుల్లోంచి మరొకరి చేతుల్లోకి మారుతోంది. కేకలు, కౌగిలింతలు, ఫొటోలు... అంతా హడావుడి.

ఆ గుంపుకి కాస్త ఎడంగా నిలబడి చూస్తున్నాడో పొట్టి ఆటగాడు. అతనికీ కప్పు పట్టుకోవాలనే ఉంది. కానీ 'ఒకసారి ఇటివ్వండి' అని అడగడానికి మొహమాటం! సంగతి కనిపెట్టిన సహచరుడు స్టీవెన్ ఎన్‌జోంజీ చొరవ తీసుకుని ఆ కప్పుని అతని చేతికి ఇప్పించాడు. అప్పుడు విప్పారింది అతని మొహం.

ఆ టోర్నీలో ఫ్రాన్స్ ఆడిన ఏడు మ్యాచుల్లోనూ మొదటి పదకొండు మందిలో ఉన్నవాడు, అర్జెంటీనా మీద ఆడినప్పుడు మెస్సీని కదలనివ్వనివాడు, కప్పు అడగడానికి సిగ్గుపడ్డాడు. కాంటేని ఎరిగినవాళ్లెవరికీ అది వింతగా అనిపించలేదు!

వడ్డించేవాడు ఫొటోలో ఉండడు

పెళ్లింట్లో ఫొటోలన్నీ వధూవరులకే. వంటశాలకీ పందిరికీ మధ్య పరుగులు పెడుతూ, ఏ పంక్తిలో పప్పు అయిపోయిందో, ఎవరి విస్తట్లో అన్నం లేదో చూసుకునే మనిషి మాత్రం ఆల్బమ్ మొత్తం తిరగేసినా కనబడడు. అతను ఒక్క పూట రాకపోతే మాత్రం పెళ్లి రసాభాసే.

ఫుట్‌బాల్‌లో ఆ మనిషే డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్. గోల్ కొట్టేది ముందు వరస ఆటగాళ్లు. గోల్ పడకుండా కాపలా కాసేది వెనక వరస. ఈ రెండింటికీ మధ్య నిలబడి, ప్రత్యర్థి కాళ్ల దగ్గర్నుంచి బంతిని లాక్కోవడం, వాళ్లు ఒకరికొకరు అందించుకుంటుంటే దారిలోనే అడ్డుపడి పట్టుకోవడం, దాన్ని తనవాళ్లలో ఆడగలిగినవాడికి అందించి మళ్లీ తన చోటుకి పరిగెత్తడం... ఇదీ ఇతని పని. తొంభై నిమిషాల ఆటలో ఓ మిడ్‌ఫీల్డర్ పది నుంచి పన్నెండు కిలోమీటర్లు పరిగెత్తుతాడు. అందులో చాలా పరుగులు టీవీలో కనిపించవు. ఎందుకంటే, కెమెరా బంతి వెంట ఉంటుంది. ఇతనేమో బంతి ఎక్కడికి రాబోతోందో అక్కడికి పరిగెత్తుతుంటాడు.

ఈ పనికి ఫ్రాన్స్‌లో ఓ చిన్నచూపు పేరు కూడా ఉంది... నీళ్లు మోసేవాడని. 1996లో ఫ్రెంచి స్టార్ ఎరిక్ కాంటోనా తన దేశానికే చెందిన మిడ్‌ఫీల్డర్ డిడియే డెషాంప్‌ని అలాగే వెక్కిరించాడు. అతను నీళ్లు మోసేవాడే తప్ప ఇంకేమీ కాలేడనీ, అలాంటివాళ్లు ఏ వీధిలోనైనా దొరుకుతారనీ అన్నాడు. రెండేళ్లు తిరిగేసరికి ఆ నీళ్లు మోసేవాడే ఫ్రాన్స్ కెప్టెన్‌గా 1998 ప్రపంచకప్పుని అందుకున్నాడు. ఇరవై ఏళ్ల తర్వాత మాస్కోలో ఫ్రాన్స్ కోచ్ కూడా అతనే. తనలాంటి మరో నీళ్లు మోసేవాణ్ని జట్టు నడిమధ్య నిలబెట్టి, కోచ్‌గానూ కప్పు గెలిచాడు.

రాజుగారి పేరు

కాంటే 1991 మార్చి 29న ప్యారిస్‌లో పుట్టాడు. అతని తల్లిదండ్రులది పశ్చిమాఫ్రికాలోని మాలీ. 1980లో బతుకుదెరువు కోసం ఫ్రాన్స్‌కి వలస వచ్చారు. ప్యారిస్‌కి పడమటి శివారైన రుయె మాల్మెజోన్‌లో చిన్న అపార్ట్‌మెంట్, నిండా పిల్లలు. కొడుక్కి మాత్రం ఓ రాజుగారి పేరు పెట్టుకున్నారు. ఎన్‌గోలో జారా పద్దెనిమిదో శతాబ్దంలో మాలీలోని సెగూ రాజ్యాన్ని ఏలినవాడు. చిన్నతనంలో బానిసగా వెళ్లి, తర్వాత సింహాసనం ఎక్కాడని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

1998లో ఫ్రాన్స్ కప్పు గెలిచిన రాత్రి ప్యారిస్ వీధులన్నీ జనంతో నిండిపోయాయి. ఆ జట్టులో అల్జీరియా నుంచి వచ్చినవారి కొడుకు జినెదిన్ జిదాన్ ఉన్నాడు, ఘనాలో పుట్టిన మార్సెల్ డిసాయీ ఉన్నాడు, సెనెగల్‌లో పుట్టిన పాట్రిక్ వియేరా ఉన్నాడు. వలస వచ్చిన కుటుంబాల పిల్లలకి ఇక ఆటే లోకమైంది. అప్పటికి కాంటేకి ఏడేళ్లు. మరుసటి ఏడాది పక్కనే ఉన్న సురేన్ అనే చిన్న అమెచ్యూర్ క్లబ్బులో చేరాడు. ఒకటీ రెండూ కాదు, దాదాపు పదకొండేళ్లు అక్కడే ఉండిపోయాడు.

అన్నేళ్లు ఎందుకంటే... ఇంకెవరూ రమ్మనలేదు కాబట్టి! ఐరోపాలో పేరున్న క్లబ్బులన్నిటికీ సొంత అకాడమీలుంటాయి. పన్నెండు, పదమూడేళ్ల వయసులోనే చురుకైన పిల్లల్ని ఏరి తీసుకెళ్లి తర్ఫీదిస్తాయి. కాంటే తోటివాళ్లు ఒక్కొక్కరే అలా వెళ్లిపోయారు. పెద్దయ్యాక కూడా అతని ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలే. అప్పట్లో అయితే జట్టు ఫొటోలో అందరికంటే చిన్నవాడు. ప్రతిచోటా అతని పొట్టితనమే అడ్డొచ్చింది. దానికితోడు పదకొండేళ్లప్పుడే తండ్రి చనిపోయాడు.

బంతి ఓ పక్క... పద్దులు ఓ పక్క

పంతొమ్మిదేళ్లప్పుడు, 2010లో మొదటిసారి ఓ తలుపు తెరుచుకుంది. ఉత్తర ఫ్రాన్స్‌లో చేపల రేవుగా పేరున్న బులోన్ పట్నంలోని క్లబ్బు అతన్ని తీసుకుంది. అదీ రిజర్వు జట్టులోకే. అంటే అసలు జట్టులో ఎవరికైనా దెబ్బ తగిలితే తప్ప పిలుపు రాదు.

తండ్రి లేని ఇల్లు. ఆట కూడు పెడుతుందన్న భరోసా లేదు. అందుకే కాంటే అక్కడ అకౌంటెన్సీ డిప్లొమాలో కూడా చేరాడు. ఓ పక్క ప్రాక్టీసు, ఓ పక్క జమాఖర్చుల పుస్తకాలు. కారు కొనే స్తోమత లేదు. చిన్నపిల్లలు ఒంటికాలితో తోసుకుంటూ వెళ్తారే, ఆ బుల్లి స్కూటర్ మీద ప్రాక్టీసుకి వచ్చేవాడని అక్కడివాళ్లు చెబుతారు.

2012 మేలో, సీజన్ చివరి మ్యాచ్‌లో అసలు జట్టులో కాసేపు ఆడే అవకాశం వచ్చింది. ఆ మ్యాచ్ ఓడిపోయారు. క్లబ్బు రెండో స్థాయి నుంచి మూడో స్థాయి లీగ్‌కి పడిపోయింది. పేరున్న ఆటగాళ్లు సర్దుకుని వెళ్లిపోతే, ఖాళీ అయిన చోటు కాంటేకి దక్కింది. మరుసటి సీజన్లో దాదాపు ప్రతి మ్యాచ్ ఆడాడు.

2013లో నార్మండీలోని కాన్ క్లబ్బు పిలిచింది. రెండో స్థాయి లీగ్‌లో ఆ ఏడాది 38 మ్యాచులుంటే ముప్ఫై ఎనిమిదీ ఆడాడు. జట్టు మొదటి స్థాయికి ఎక్కింది. ఆ తర్వాతి ఏడాది, ప్రత్యర్థుల నుంచి బంతిని తిరిగి రాబట్టడంలో ఐరోపా పెద్ద లీగ్‌లన్నిటిలోనూ అతనే ముందున్నట్టు గణాంకాలు చెప్పాయి. రెండేళ్ల కిందట మూడో స్థాయి లీగ్‌లో ఆడినవాడు!

'కాంటే... కాంటే... కాంటే...'

ఆ గణాంకాల్ని శ్రద్ధగా చదివిన మనిషి ఇంగ్లండ్‌లో ఒకరున్నారు. లెస్టర్ సిటీ క్లబ్బుకి ఆటగాళ్లని వెతికిపెట్టే స్టీవ్ వాల్ష్. అప్పటికే ఫ్రాన్స్ రెండో స్థాయి లీగ్ నుంచి రియాద్ మారెజ్‌ని తెచ్చింది ఆయనే. ఒకప్పుడు ఫ్యాక్టరీలో పనిచేస్తూ చిన్న క్లబ్బుల్లో ఆడిన జేమీ వార్డీ కూడా ఆ జట్టులోనే ఉన్నాడు. ఒకరకంగా అందరూ కాదన్నవాళ్లంతా చేరిన జట్టది.

2015లో కోచ్‌గా వచ్చిన క్లాడియో రానియేరికి కాంటే మీద పెద్ద నమ్మకం కలగలేదు. మరీ పొట్టిగా ఉన్నాడే అని సందేహం. వాల్ష్ మాత్రం కనిపించినప్పుడల్లా 'కాంటే... కాంటే... కాంటే...' అని చెవినిల్లు కట్టుకుని పోరేవాడట. ఆ పోరు పడలేక రానియేరి ఒప్పుకున్నాడు. సుమారు 56 లక్షల పౌండ్లిచ్చి తెచ్చుకున్నారు. ప్రీమియర్ లీగ్ లెక్కల్లో అది చిల్లర కిందే లెక్క.

అంతకుముందు సీజన్లో లెస్టర్ చచ్చీచెడీ గట్టెక్కి 14వ స్థానంలో నిలిచింది. ఈసారి టైటిల్ గెలుస్తుందని ఒక పౌండు పందెం కాస్తే 5000 పౌండ్లు ఇస్తామన్నాయి పందేల కంపెనీలు. అంటే, అది జరిగే పని కాదని వాళ్ల ధీమా! అలాంటిది 2016 మే 2న లెస్టర్ ఛాంపియన్ అయింది. 132 ఏళ్ల క్లబ్బు చరిత్రలో అదే మొదటి లీగ్ టైటిల్.

గోల్స్ కొట్టిన వార్డీ, మారెజ్‌ల పేర్లు పతాక శీర్షికలకెక్కాయి. కాంటే ఖాతాలో ఉన్నది ఒకే ఒక్క గోల్. కానీ అతని అసలు పద్దు వేరే ఉంది. ఆ సీజన్లో ప్రత్యర్థి కాళ్ల దగ్గర్నుంచి బంతిని లాగేసినవి 175 సార్లు. వాళ్ల పాస్‌లకి మధ్యలో అడ్డుపడి దొరకబుచ్చుకున్నవి 156 సార్లు. లీగ్‌లో ఈ రెండిట్లోనూ అతనిదే మొదటిస్థానం. అతను ఆడిన 37 మ్యాచులకి పంచితే ఒక్కో ఆటలో తొమ్మిదిసార్ల దాకా.

'మేం మధ్యలో ముగ్గుర్ని ఆడిస్తాం. నడుమ డ్రింక్‌వాటర్, అతనికి అటూ ఇటూ కాంటే' అని చమత్కరించాడు వాల్ష్. నిక్కరులో బ్యాటరీలేమైనా దాచుకున్నాడేమోనని రానియేరి అనుమానపడ్డాడు. ఏదో ఒకరోజు అతనే బంతిని గాల్లోకి కొట్టి, అతనే పరిగెత్తుకెళ్లి తలతో గోల్ వేస్తాడేమో చూడాలనీ అన్నాడు. భూమిలో 71 శాతాన్ని నీళ్లు కప్పేస్తే, మిగతాదాన్ని కాంటే కప్పేస్తాడన్న జోకు ఊరూరా తిరిగింది.

నిజానికి ఉత్త పరుగే అతని గొప్పతనం కాదు. పరిగెత్తేవాళ్లు చాలామందే ఉంటారు. ఎదుటివాడి నడుం ఎటు తిరిగింది, చూపు ఎటుంది అన్నది పసిగట్టి, బంతి కదలకముందే అటు ఒక అడుగు వేసి ఉంచడం కాంటే ప్రత్యేకత. ఏ పొట్టితనాన్ని చూసి వద్దన్నారో అదే ఇక్కడ పనికొచ్చింది. పొడుగాటి ఆటగాడు వెనక్కి తిరిగేలోపు ఇతను తిరిగి, బంతి తీసుకుని, వెళ్లిపోయి కూడా ఉంటాడు!

లెక్క తేలిన ఏడాది

2016 జులైలో చెల్సీ క్లబ్బు కాంటేని కొనుక్కుంది. ఈసారి ధర సుమారు 3.2 కోట్ల పౌండ్లు. అంతకుముందు సీజన్లో చెల్సీ 50 పాయింట్లతో పదో స్థానంలో ఉంది. కాంటే వచ్చిన ఏడాది 93 పాయింట్లతో ఛాంపియన్. మరి లెస్టర్? 81 పాయింట్ల నుంచి 44కి, మొదటి స్థానం నుంచి పన్నెండో స్థానానికి పడిపోయింది. సీజన్ మధ్యలోనే రానియేరి ఉద్యోగం ఊడింది.

ఇదంతా ఒక్క మనిషి మహిమేనని అనలేం. చెల్సీకి ఆంటోనియో కాంటె అనే కొత్త కోచ్ వచ్చాడు, ఇంకొందరు మంచి ఆటగాళ్లూ వచ్చారు. కానీ ఆ రెండు పట్టికల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, వడ్డించేవాడు ఇల్లు మారితే ఏమవుతుందో అర్థమవుతుంది. ఇంగ్లండ్‌లో అంతకుముందు ఇలా రెండు వేర్వేరు క్లబ్బుల తరఫున వరసగా లీగ్ టైటిళ్లు గెలిపించినవాడు... నీళ్లు మోసేవాళ్లని వెక్కిరించిన కాంటోనాయే! 1992లో లీడ్స్‌తో, 1993లో మాంచెస్టర్ యునైటెడ్‌తో.

2017లో ఇంగ్లండ్ ఆటగాళ్ల సంఘం ఇచ్చే ఉత్తమ ఆటగాడి పురస్కారం కాంటేకి దక్కింది. దానికి ఓటేసేది తోటి ఆటగాళ్లే. లీగ్‌లో ఆ ఏడాదీ అతని గోల్స్ సంఖ్య ఒకటే. స్టేడియంలో కూర్చున్నవాళ్లకి కనపడినా కనపడకపోయినా, ఎదురుగా ఆడినవాళ్లకి మాత్రం అతని విలువ బాగా తెలిసొచ్చింది మరి.

ఫ్రాన్స్ జట్టులోకి 2016 మార్చిలో వచ్చాడు. మొదటి పదకొండు మందిలో ఆడిన తొలి మ్యాచ్‌లోనే రష్యా మీద గోల్ కొట్టాడు. ఆ రోజు అతని ఇరవై అయిదో పుట్టినరోజు. అదే ఏడాది సొంతగడ్డ మీద యూరో ఫైనల్ జరిగినప్పుడు మాత్రం బెంచీ మీదే కూర్చున్నాడు. ఫ్రాన్స్ ఓడింది. రెండేళ్ల తర్వాత మాస్కో ఫైనల్‌నాడు కడుపు నొప్పితోనే దిగాడు. ఆట సాగక 55వ నిమిషంలో బయటికి వచ్చేశాడు. అతని స్థానంలో దిగిందే ఎన్‌జోంజీ. కప్పుతో స్వదేశానికి వెళ్లాక, తోటి ఆటగాళ్లంతా కలిసి ఓ పాత ఫ్రెంచి పాట బాణీలో అతని మీద పాట కట్టి స్టేడియంలో పాడారు. జనం గొంతు కలిపారు. పాట వింటున్నంతసేపూ అతను సిగ్గుతో మెలికలు తిరిగిపోయాడు.

రైలు తప్పిపోతే...

ఆడే ఆట మారింది, బ్యాంకు ఖాతా మారింది. మనిషి మాత్రం మారలేదంటారు దగ్గరివాళ్లు. జట్టులో మిగతావాళ్లు ఖరీదైన కార్లలో వస్తుంటే కాంటే ఏళ్ల తరబడి ఓ బుల్లి మినీ కూపర్‌లోనే తిరిగాడు.

జీతంలో కొంత భాగాన్ని పన్ను తక్కువ పడే చోట పెట్టిన కంపెనీ ద్వారా తీసుకునే ఏర్పాటుని అతను వద్దన్నాడనీ, అందరిలా మామూలు జీతం చాలన్నాడనీ 2018లో బయటపడ్డ పత్రాల ఆధారంగా ఐరోపా పత్రికలు రాశాయి. అకౌంటెన్సీ చదివినవాడు కదా, ఏ పద్దు ఎక్కడ రాయాలో తెలుసు!

అదే ఏడాది సెప్టెంబరులో ఓ శనివారం మ్యాచ్ అయ్యాక లండన్‌లో ప్యారిస్ రైలు తప్పిపోయింది. నమాజుకని దగ్గర్లోని మసీదుకి వెళ్తే అక్కడ కొందరు అభిమానులు పలకరించారు. మాటల్లో ఒకాయన, మా ఇంటికి భోజనానికి రాకూడదా అన్నాడు. ఏదో మాటవరసకే. కాంటే నిజంగానే వెళ్లాడు! కూరతో భోంచేసి, వాళ్లతో కలిసి వీడియోగేమ్ ఆడి, టీవీలో ఆనాటి మ్యాచుల విశేషాలు చూసి మరీ బయల్దేరాడు. ప్రపంచకప్పు గెలిచి అప్పటికి సరిగ్గా రెండు నెలలు.

ఒళ్లు అడిగిన బాకీ

అన్నేళ్ల పరుగుకి ఒళ్లు లెక్క చెప్పమనకుండా ఉంటుందా? 2019 నుంచి మోకాలు, తొడ కండరాలు మాటిమాటికీ ఇబ్బంది పెట్టాయి. వారాల తరబడి ఆటకి దూరం కావడం, తిరిగి రావడం, మళ్లీ దెబ్బ. ఇక అతని పని అయిపోయిందన్న మాటలు మొదలయ్యాయి.

అలాంటి సమయంలోనే 2021 వచ్చింది. ఛాంపియన్స్ లీగ్ సెమీస్‌లో రియల్ మాడ్రిడ్‌తో రెండు మ్యాచులు. రెండింటిలోనూ 'మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్' కాంటేనే. మే 29న పోర్చుగల్‌లోని పోర్టోలో జరిగిన ఫైనల్లో చెల్సీ 1-0తో మాంచెస్టర్ సిటీని ఓడించింది. గోల్ కొట్టింది కాయ్ హావర్ట్జ్. ఉత్తమ ఆటగాడు మళ్లీ కాంటే. ఆ ఏడాది ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ పోటీలో అయిదో స్థానంలో నిలిచాడు. గోల్స్ కొట్టనివాడికి ఆ జాబితాలో అంత పైన చోటు దొరకడం అరుదు.

ఆ మరుసటి ఏడాది మాత్రం దెబ్బ గట్టిగా తగిలింది. 2022 ఆగస్టులో తొడ వెనక కండరం పట్టేసింది. శస్త్రచికిత్స తప్పలేదు. ఖతార్‌లో జరిగిన ప్రపంచకప్పుకి అతను లేకుండానే వెళ్లిన ఫ్రాన్స్, ఫైనల్లో అర్జెంటీనా చేతిలో పెనాల్టీ షూటౌట్లో ఓడింది. 2023లో ఏడేళ్ల చెల్సీ బంధం ముగిసింది. మొత్తం 269 మ్యాచులు, 13 గోల్స్. అక్కణ్నుంచి సౌదీ అరేబియాలోని అల్ ఇత్తిహాద్ క్లబ్బుకి వెళ్లాడు. పెద్ద మొత్తమే వచ్చింది. ఐరోపా ఆటకి మాత్రం దూరమయ్యాడు. అదే ఏడాది బెల్జియంలో మూడో స్థాయి లీగ్‌లో ఉన్న విర్టన్ అనే చిన్న క్లబ్బుని కొనుక్కున్నాడు. తను ఎదిగొచ్చింది అలాంటి క్లబ్బుల్లోంచే కదా!

అంతా అతన్ని మరిచిపోయారనుకుంటున్న వేళ, 2024 మేలో యూరో కప్పు జట్టుని ప్రకటిస్తూ డెషాంప్ ఓ పేరు చదివాడు. విలేకరులు విన్నది నిజమేనా అనుకున్నారు. రెండేళ్లుగా దేశం తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడని, ముప్ఫై మూడేళ్ల కాంటే! జూన్ 17న ఆస్ట్రియాతో మొదటి మ్యాచ్. ఫ్రాన్స్ 1-0తో గెలిచింది. మ్యాచ్ మొత్తం పరిగెత్తి ఉత్తమ ఆటగాడి పురస్కారం అందుకున్నది అతనే. ఫ్రాన్స్ సెమీస్ దాకా వెళ్లింది. 2025లో అల్ ఇత్తిహాద్‌తో సౌదీ లీగ్ టైటిల్, కింగ్స్ కప్ రెండూ గెలిచాడు.

ప్యారిస్ శివారు క్లబ్బుల్లో ఇప్పటికీ వేల మంది పిల్లలు ఆడుతూనే ఉంటారు. వాళ్లలో వరస చివర నిలబడ్డ పొట్టి కుర్రాడి వైపు ఓసారి చూసి, మళ్లీ ఇంకోసారి చూసే కోచ్‌లు ఇప్పుడు ఎక్కువయ్యారంటే అందులో కాంటే చలవ కొంతయినా ఉంటుంది.